కాస్త గొంతు తగ్గించు గురూ!

కొండలెక్కే బండికి కంపెనీ సైలెన్సర్ పీకేసి ‘ఫ్రీ ఫ్లో’ తగిలిస్తే మోత పెరుగుతుంది. బలం పెరుగుతుందా? పెరిగిన మోతను మళ్లీ దించాలంటే ఏం చేయాలి? ఆటోనగర్ షెడ్ల నుంచి నల్లమల చెక్‌పోస్టు దాకా ఓ చప్పుడు కథ.

ముందు రెండు థార్‌లు, వాటి వెనక రంగు వెలిసిన జిప్సీ, ఆ వెనక ఓ జిమ్నీ, చివర్లో మూడు హిమాలయన్ బైకులు. ఆదివారం పొద్దున్నే చేవెళ్ల మర్రిచెట్ల కిందుగా అనంతగిరి వైపు సాగే ఇలాంటి గుంపుల్లో ఏ బండి ఎక్కడుందో చెప్పడానికి కళ్లు అక్కర్లేదు. జిప్సీ ఊరి పొలిమేరలో ఉండగానే టీకొట్టాయన పాలగిన్నె పొయ్యి మీదికి ఎక్కించేస్తాడు.

కొత్తలో ఆ మోత యజమానికి సంగీతమే. కొన్నాళ్లకు లెక్క మారుతుంది. ఇంటావిడ ఆ బండిలో ఊరికి రానంటుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబరుతో సహా ఫిర్యాదు పడుతుంది. హైవే మీద రెండు గంటలు తోలితే దిగాక కూడా చెవిలో గుయ్‌మంటూనే ఉంటుంది. అప్పుడు వేయించుకున్న షెడ్డుకే వెళ్లి, పక్కనెవరూ వినకుండా అడుగుతారు: ‘‘అన్నా, దీని సౌండు కాస్త తగ్గుద్దా?’’

తగ్గుతుంది. అయితే ‘సౌండు’ అని మనం ఒక్క మాటలో తేల్చేసేది నిజానికి మూడు నాలుగు రకాల చప్పుళ్ల కలగలుపు. ఒక్కోదానికి ఒక్కో మందు. ఏ చప్పుడో తేల్చుకోకుండా డబ్బా మీద డబ్బా మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది, మోత అలాగే ఉంటుంది.

పైపులో ఏం జరుగుతుంది?

సిలిండర్‌లో పెట్రోలు మండాక ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. లోపల ఇంకా ఒత్తిడి మీదున్న వేడి గ్యాసు ఒక్క ఉదుటున పైపులోకి దూకుతుంది. ఆ దూకుడే చప్పుడు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి ఇలా దూకిస్తుంది. 350 సీసీ బుల్లెట్‌కు ఒకటే సిలిండర్. 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 25 దెబ్బలు. అందుకే దాని ‘దబ్ దబ్’ దెబ్బ దెబ్బగా వినిపిస్తుంది. నాలుగు సిలిండర్ల జిప్సీ అదే ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 దెబ్బలు కొడుతుంది. విడివిడిగా పట్టుకోవడం చెవి వల్ల కాదు. అన్నీ కలిసి ఒకటే గర్జన.

ఈ గర్జనను నొక్కడానికి కంపెనీ సైలెన్సర్ రెండు పనులు చేస్తుంది. డబ్బా లోపల గదులు కట్టి, గ్యాసును ఒక గది నుంచి మరో గదికి తిప్పుతుంది. గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చే ధ్వని తరంగాలు ఎదురొచ్చే తరంగాలతో ఢీకొని, ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రెండో పని, జల్లెడలా తూట్లు పొడిచిన పైపు చుట్టూ గ్లాస్ ఊల్ లాంటి పీచును కూరడం. తూట్లలోంచి బయటికొచ్చే ధ్వని ఆ పీచులో చిక్కి వేడిగా మారిపోతుంది. గదులు లావు చప్పుడును, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీని బాగా పట్టుకుంటాయి. పీచు కీచుదనాన్ని పట్టుకుంటుంది. ఈ రెండూ సరిగ్గా కుదరాలంటే డబ్బాకు చోటు కావాలి. మంచి సైలెన్సర్ లోపలి ఖాళీ ఇంజిన్ సీసీకి పది రెట్ల దాకా ఉంటుంది.

బజారులో దొరికే ఫ్రీ ఫ్లోలో గదులుండవు. ఒక చివర కన్ను పెట్టి చూస్తే అవతలి చివర వెలుతురు కనిపిస్తుంది. తూట్ల పైపు, దాని చుట్టూ కాస్త ఊలు, పైన మెరిసే స్టీలు డబ్బా. అంతే సరుకు. కీచుదనం కొంత తగ్గిస్తుంది, లావు చప్పుడును మాత్రం చెయ్యెత్తి వదిలేస్తుంది. ఆ లావు చప్పుడే గోడలు దాటి పడకగదిలోకి వచ్చేది.

సైలెన్సర్ దాదాపు మోటారు బండి అంత పాతదే. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కొలంబస్ ఊరికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అన్నదమ్ములు 1897లోనే ఇంజిన్ మఫ్లర్‌కు పేటెంట్ తీసుకున్నారు. రోడ్ల మీద ఇంకా గుర్రాలదే రాజ్యంగా ఉన్న రోజులవి. (ఇదే మిల్టన్ రీవ్స్ తర్వాత 1911లో ఎనిమిది చక్రాల కారు ఒకటి తయారు చేశాడు. ఎవరూ కొనలేదు, అది వేరే కథ.) ఇక మెషిన్‌గన్ కనిపెట్టిన హిరామ్ మాక్సిమ్ ముసలితనంలో చెవుడు తెచ్చుకుంటే, ఆయన కొడుకు హిరామ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంట్ పొందాడు. ఆయన పెట్టిన కంపెనీ తర్వాత ఇంజిన్ల సైలెన్సర్లూ తయారు చేసింది. తండ్రి లోకానికి మోత ఇస్తే కొడుకు మూత ఇచ్చాడన్నమాట.

ఒక తమాషా ఉంది. ఒకవైపు కంపెనీలు చప్పుడును అణచడానికి నూరేళ్లకు పైగా తంటాలు పడ్డాయి. మరోవైపు అదే చప్పుడును ఆస్తిగా కాపాడుకోవాలనీ చూశాయి. హార్లే డేవిడ్‌సన్ 1994లో తన ఇంజిన్ శబ్దాన్నే ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టి, పోటీ కంపెనీల అభ్యంతరాల మధ్య 2000లో వెనక్కి తీసుకుంది. చప్పుడే లేని కరెంటు బండ్లు వచ్చాక, మహీంద్రా తన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలకు శబ్దాలు కట్టమని ఏఆర్ రెహమాన్‌ను పిలిచింది. బండికి గొంతు ఉండాలన్న మోజు తప్పేం కాదు. ఆ గొంతు ఎవరి చెవిలో పడుతోందన్నదే పేచీ.

‘‘పికప్ పెరిగింది సార్!’’

ఫ్రీ ఫ్లో వేయించిన ప్రతి ఒక్కరూ చెప్పే మాట ఇది. నమ్మి చెప్పేదే. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు మెదడుకు అనిపిస్తుంది. నిజానికి రోడ్డు బండికి సైలెన్సర్ ఒక్కటి మార్చినందువల్ల వచ్చే లాభం స్వల్పం. అదీ ఇంజిన్ పైఆర్‌పీఎంలో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు. రాళ్ల మీద, బురదలో, కొండ ఎక్కేటప్పుడు మనం వాడేది దానికి పూర్తిగా తిరగబడిన వైపు: ఫోర్ బై ఫోర్ ‘లో’ గేరు, 1,500 ఆర్‌పీఎం, బొటనవేలితో తొక్కినట్టు యాక్సిలరేటర్. అక్కడ ఇంజిన్‌కు కావాల్సింది కిందిస్థాయి టార్క్.

షెడ్లలో దీన్ని ‘‘బ్యాక్ ప్రెషర్ ఉండాలి బాబూ’’ అంటారు. మాట సరైంది కాదు, అనుభవం సరైందే. ఇంజిన్‌కు వెనక్కి నెట్టే ఒత్తిడితో పనేం లేదు. పైపులో గ్యాసు వేగం పడిపోకూడదు. వేగంగా పోయే గ్యాసు తన వెనక కాస్త శూన్యం వదులుతుంది, ఆ శూన్యం సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది. మరీ లావు పైపు వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో గ్యాసు నెమ్మదిస్తుంది, లాగుడు తగ్గుతుంది. మోత పెరిగి, రాయెక్కేటప్పుడు బండి నీరసించడం వెనక కథ ఇదే. డీజిల్ థార్, గూర్ఖాల సంగతి వేరే. వాటికి టర్బో ఉంటుంది. గ్యాసు టర్బైన్ రెక్కలు తిప్పుకుంటూ వెళ్లేసరికే దెబ్బ చాలావరకు చచ్చిపోతుంది. అందుకే సైలెన్సర్ ఊడిన డీజిల్ బండి, సైలెన్సర్ ఊడిన పెట్రోలు బండి అంత గోల చేయదు.

ఇంకో విషయం. కొండదారిలో చెవి సగం డ్రైవరు. ముందు నిలబడి చెయ్యి ఊపుతూ ‘‘ఎడమ... ఎడమ... ఆపు!’’ అనే స్నేహితుడి కేక వినిపించాలి. ఛాసిస్ కింద రాయి గీసుకున్న చప్పుడు, టైరు గాలి కారే చప్పుడు, వాగు దాటేటప్పుడు ఇంజిన్ తడబడే చప్పుడు వినిపించాలి. ఫ్రీ ఫ్లో మోతలో ఇవన్నీ కొట్టుకుపోతాయి. అనుభవం ఉన్న ఆఫ్‌రోడర్ల బండ్లు చాలావరకు నిశ్శబ్దంగా ఉండటం ఊరికే కాదు.

ఆటోనగర్‌లో ఓ జిప్సీ

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో దొరకని పనితనం లేదంటారు. లారీ బాడీ కట్టేవాళ్లు, రేడియేటర్ అతికేవాళ్లు, స్ప్రింగు కట్టలు కొట్టేవాళ్లు. వాళ్ల మధ్య సైలెన్సర్ పని మాత్రమే చేసే షెడ్డు ఒకటి. పైకి ఇనుప తుక్కు దుకాణంలా కనిపిస్తుంది. గోడ నిండా వేలాడే బెండు పైపులు, మూలన తెరిచిన డబ్బాలు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి.

తెల్ల జిప్సీ వచ్చి ఆగింది. మారుతి ఈ బండిని 1985లో తెచ్చింది, 2018 చివరితో జనానికి బుకింగులు ఆపేసింది. అందుకే ఇప్పుడు తిరిగే జిప్సీల్లో చాలావరకు రెండు మూడు చేతులు మారినవే. ఏ చెయ్యి ఏం మార్చిందో ఎవరికీ తెలియదు.

‘‘మేస్త్రి గారూ, సౌండు తగ్గించాలి.’’

‘‘ఇంటి దగ్గర్నుంచి తోలుకొచ్చావా బాబూ?’’

‘‘అవునండీ. గుంటూరు నుంచి.’’

‘‘అయితే వదిలేసి టిఫిన్ చేసి రా. వేడి బండిలో లీకు దొరకదు.’’

మొదటి చప్పుడు ఇదీ: లీకు. మేనిఫోల్డ్ గ్యాస్కెట్ చిట్లినా, ఫ్లేంజ్ బోల్టు వదులైనా, అక్కడి నుంచి గ్యాసు సైలెన్సర్ దాకా వెళ్లకుండానే బయటికి దూకుతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ‘టిక్ టిక్ టిక్’ అంటుంది. వేడెక్కి లోహం సాగితే సందు మూసుకుని ఆ చప్పుడు తగ్గిపోతుంది. అందుకే బండి చల్లారాలి.

చల్లారాక స్టార్ట్ చేశారు. షెడ్డు కుర్రాడు చేతికి తొడుగు వేసుకుని, తడిపిన గోనెపట్టా మడిచి తోకపైపు మూతికి క్షణకాలం అదిమాడు. ఇంజిన్ మూలిగింది. మేనిఫోల్డ్ కింద ఫ్లేంజ్ దగ్గర ‘చిస్స్’ మంది. మేస్త్రి టార్చి వేశాడు. జాయింటు చుట్టూ నల్లటి మసి చార, ఒక బోల్టు లేనేలేదు. అంతకు ముందు వేసినవాళ్లు అక్కడ ఆస్‌బెస్టాస్ తాడు చుట్టి సరిపెట్టారు. మేస్త్రి దాన్ని తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ తీశాడు. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ ముప్పు. పాత షెడ్లలో ఇప్పటికీ వాడుతుంటారు, ఎవరైనా తెస్తే వద్దని చెప్పండి.

లీకు వల్ల చప్పుడు ఒక్కటే నష్టం కాదు. పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండ్లలో, దానికంటే ముందు సందు పడితే బయటి గాలి లోపలికి పీలుస్తుంది. పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడి ఇంకా పోయమంటుంది. మైలేజీ పడిపోతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ‘పట్ పట్’మని పటాకులు పేలడానికి కూడా చాలాసార్లు ఈ గాలే కారణం. మండని పెట్రోలు పైపులో గాలి తగిలి అంటుకుంటుంది. కుర్రాళ్లు వేలు పోసి పెట్టించుకునే ఆ పటాకుల మోత, మేస్త్రి దృష్టిలో జబ్బు లక్షణం. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను లోపల్నుంచి కాల్చేసే జబ్బు.

గ్యాస్కెట్, బోల్టు పడ్డాయి. సగం గోల అక్కడే తగ్గింది. మిగతా సగం డబ్బాలో ఉంది.

గ్రైండర్‌తో రివెట్లు తెగ్గోసి, మూత ఊడదీసి, తూట్ల పైపు బయటికి లాగారు. ఇంజిన్ వైపున పీచు అన్న మాటే లేదు, కాలి దుమ్మై పొగతోపాటే వెళ్లిపోయింది. తోక వైపున మాత్రం బూడిదరంగు ఉండ ఒకటి నూనె పట్టి, గట్టిపడి మిగిలింది. పీచు పోయినంత మేర డబ్బా పైన నీలం రంగు తిరిగి ఉంది. బయట నుంచి చూసి లోపలి సంగతి చెప్పాలంటే ఆ నీలమే గుర్తు. ఫ్రీ ఫ్లో కొన్నాళ్లకు కొత్తప్పటికంటే ఎక్కువ అరవడానికి కారణం కూడా ఇదే. పీచు ఖర్చయిపోయే సరుకని అమ్మేవాడు చెప్పడు. డర్ట్ బైకులు తోలేవాళ్లకు మాత్రం ఇది తెలుసు, వాళ్లు చెయిన్‌కు నూనె పెట్టినంత మామూలుగా రీప్యాకింగ్, అంటే కొత్త పీచు కూరడం, చేసుకుంటారు.

మేస్త్రి ముందు స్టీలు ఊలును తూట్ల పైపు చుట్టూ ఒక వరస చుట్టాడు. వేడి దెబ్బ మొదట తగిలేది దానికే. దాని మీద పొడవు పోగుల గ్లాస్ ఊల్. బిగించి కూరితే ధ్వని లోపలికి చొరబడదు, వదులుగా కూరితే నాలుగు రోజుల్లో కొట్టుకుపోతుంది. ఎంత కూరాలన్నది ఆయన చేతికి తెలుసు, మాటల్లో చెప్పమంటే నవ్వాడు. ఏసీ డక్టుల కోసం అమ్మే చౌక ఊలు మాత్రం వద్దన్నాడు. దాన్ని అతికిన జిగురు వేడికి కాలిపోతుంది, పీచు రాలిపోతుంది. ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్లు నిండు చేతుల చొక్కా, తొడుగులు, మాస్కు మరవకూడదు. గ్లాస్ ఊల్ గుచ్చుకుంటే రెండు రోజులు దురద వదలదు.

బజారులో ‘డీబీ కిల్లర్’ పేరుతో దొరికేది తోకపైపు మూతిలో దూర్చే చిన్న గొట్టం. ఒక బోల్టుతో నిలబడుతుంది. దారి ఇరుకు చేసి మోత కొంత కోస్తుంది. పీచు కాలిపోయిన డబ్బాకు ఇది పెట్టడం జ్వరానికి నుదుట తడిగుడ్డ వేయడమే. పైగా ఆఫ్‌రోడ్‌లో బురద పట్టి మూసుకుంటుంది.

హైవే మీద గుయ్‌మనే చప్పుడు

జిప్సీ యజమాని అసలు బాధ ఇంకా మిగిలే ఉంది. బండి నిలబడి ఉంటే పర్వాలేదు. హైవే ఎక్కి 2,400 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా తోలితే లోపల గుయ్‌మని తలలో తిరుగుతుంది. అటూ ఇటూ రెండొందల ఆర్‌పీఎం మారితే మాయం. షెడ్లలో దీన్ని ‘డ్రోనింగ్’ అంటారు. ఆ ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకు 80 దెబ్బలు కొడుతుంది. ఆ 80 హెర్ట్జ్‌కు పైపు, క్యాబిన్ రెండూ తాళం కలిపాయి.

దీనికి సీసా సూత్రం పనికొస్తుంది. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే ఒకే ఒక్క స్వరం పలుకుతుంది కదా, పైపు పక్కన అలాంటి మూసిన గొట్టం అతికితే అది తన స్వరం ఒక్కదాన్నే మింగేస్తుంది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఈ లెక్కలన్నీ కట్టాడు. ఇందులో తేలికైన పద్ధతి: ఒక చివర మూసిన పైపును పక్కకు అతకడం. దాని పొడవు ధ్వని తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి గ్యాసులో ధ్వని సెకనుకు 400 నుంచి 500 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, 80 హెర్ట్జ్‌కు నాలుగు నుంచి ఐదు అడుగులు పడుతుంది. అంత పైపు ఛాసిస్ కింద మడిచి ఇరికించడం, రాళ్లకు తగలకుండా చూడటం కష్టమే. చాలా షెడ్లలో దాని బదులు మధ్యలో ఇంకో చిన్న డబ్బా, ‘రెసొనేటర్’, వేస్తారు. అన్నిసార్లూ పని చేయదు.

ఈ జిప్సీకి అంతదూరం పోవాల్సిన పని పడలేదు. మేస్త్రి కింద పడుకుని తోకపైపును చేత్తో ఊపాడు. కదల్లేదు. రబ్బరు హ్యాంగర్ తెగిపోయినప్పుడెవరో ఇనుపకడ్డీ ముక్క పెట్టి పైపును తిన్నగా ఛాసిస్‌కు వెల్డింగ్ కొట్టేశారు. ఇంజిన్ వణుకంతా ఆ కడ్డీ మీదుగా బండి ఒళ్లంతా పాకుతోంది. కడ్డీ కోసి, రబ్బర్లు వేశాక గుయ్‌మనడం చాలావరకు పోయింది. ఇంత పెద్ద రోగానికి ఇంత చిన్న మందా అని యజమాని తెల్లబోయాడు. రబ్బర్ల సంగతి చాలామంది చూడరు.

‘‘మరి లోపల మ్యాటింగ్ వేయిస్తే?’’ అని అడిగాడు చివరికి.

‘‘వేయించుకో. నీకు వినపడదు, ఊరికి వినపడుద్ది’’ అన్నాడు మేస్త్రి.

ఆఫ్‌రోడ్ బండికే ఉండే తిప్పలు కొన్నున్నాయి. డబ్బా కిందికి వేలాడితే మొదటి రాయికే నొక్కుకుపోతుంది. నిజానికి మోజు కోసం మార్చినవాళ్లు కొందరే, రాయికి తగిలి ఊడిపోతే తాత్కాలికంగా ఉత్త పైపు వేయించి, ఆ తాత్కాలికాన్ని ఏళ్ల తరబడి నడిపేవాళ్లు చాలామంది. వాళ్లకు తగింది నిలువు తక్కువ, అడ్డం ఎక్కువ ఉన్న అండాకారపు డబ్బా. ఛాసిస్ పట్టాల మధ్య పైకి దూర్చి కట్టాలి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండిలో ఒక చక్రం గుట్ట మీదకు ఎక్కించి, వెనక ఇరుసు పైపుకు తగలడం లేదని చూసుకున్నాకే వెల్డింగ్ పూర్తి చేయాలి.

క్లియరెన్స్ కోసమని తోకపైపును ఇరుసుకు ముందే కోసేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. పొగ బండి కిందే తిరుగుతుంది. వెనక గుడ్డ టాపు ఉన్న జిప్సీలో, పాత థార్‌లో కదులుతున్నప్పుడు బండి వెనక గాలి లోపలికి లాగుతుంది. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలకు ముందు చేరుతుంది. పైపు బండి అంచు దాటి బయటికి రావాల్సిందే.

తుప్పు సంగతి ఒక్క ముక్కలో. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దగ్గర దగ్గర తిరుగుళ్లకు డబ్బా సరిగా వేడెక్కదు, ఆ ఆవిరి నీరై లోపలే నిలిచి లోపల్నుంచి తినేస్తుంది. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి రాళ్లదారిలో యాత్రికులను తిప్పే జీపుల మోతలో మోజేమీ ఉండదు. అది తుప్పు మోత, బతుకు మోత. డబ్బా అడుగున మూడు మిల్లీమీటర్ల చిన్న బెజ్జం ఉంటే నీరు కారిపోతుంది. కంపెనీలూ అదే చేస్తాయి. కారుతోందని దాన్ని మూయించకండి.

అంకెలు, అడవి, చట్టం

3 డెసిబెల్‌లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 పెరగాలి. ఒకేలా అరిచే బండ్లు పది కలిస్తే ఒక్కదానికంటే 10 డెసిబెల్‌లు ఎక్కువ. అంటే కాన్వాయ్ మొత్తం ఒక్క బండికి రెండింతల మోతగా వినిపిస్తుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌ల దగ్గర 8 గంటలు, 100 దగ్గర 15 నిమిషాలు. అంతకు మించితే చెవికి ముప్పు.

కొలిచే పద్ధతి ఒకటి ఎవరైనా చేసుకోవచ్చు. తోకపైపు మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల పక్కగా, పైపు ఎత్తులోనే ఫోను పట్టుకుని, ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎంలో సగం దగ్గర నిలిపి చూడాలి. ఫోన్ యాప్ చెప్పే అంకె కచ్చితం కాదు. పనికి ముందూ వెనకా ఒకే చోట, ఒకే ఫోనుతో చూస్తే తేడా మాత్రం తెలుస్తుంది. కాలిఫోర్నియాలో ఆఫ్‌రోడ్ మైదానాల్లో ఇంచుమించు ఇలాగే కొలుస్తారు. 1986 నుంచి తయారైన బండ్లకు అక్కడ 96 డెసిబెల్‌లు గీత. అడవుల్లోకి పోవాలంటే పైపులో నిప్పురవ్వలు ఆపే జాలీ కూడా ఉండాలి. అక్కడి తెలుగు కుర్రాళ్లు వారాంతాల్లో డర్ట్ బైకులు ట్రైలర్‌కు ఎక్కించేముందు చూసుకునేవి ఈ రెండే. అక్కడ మోత తగ్గించాలని పోరుపెట్టినవాళ్లలో ఆఫ్‌రోడ్ క్లబ్బులూ ఉన్నాయి. ఊళ్ల ఫిర్యాదులతో ఒక్కో దారీ మూతపడుతుంటే వాళ్లకు తత్వం బోధపడింది.

మనకు అలాంటి మైదానాలు తక్కువ. మన ఆఫ్‌రోడ్ అంటే ఎక్కువగా ఊరి చెరువు కట్ట, పోరంబోకు, అడవి అంచు. లావు చప్పుడు గాలిలో తేలిగ్గా అరిగిపోదు, ఆకులూ దాన్ని ఆపలేవు. కొండ మీద మన సరదా లోయలోని తండాకు చేరుతుంది. నల్లమలలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఉంది. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపేది ఈ అడవిలోని జీవాల కోసమే. పగలు తెరిచి ఉందని ఆ ఘాట్‌లో యాక్సిలరేటర్ రేపుకుంటూ పోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

చట్టం సంగతి సూటిగా చెప్పుకుందాం. కారు చప్పుడుకు మన దేశంలో పరిమితి 74 డెసిబెల్‌లు, 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కు 80. ఇవి పక్కనుంచి పోయే బండిని ఏడున్నర మీటర్ల దూరం నుంచి కొలిచే అంకెలు. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి తోడు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. బండిని అనుమతి లేకుండా మార్చినందుకు 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు టీవీల్లో అందరం చూశాం. షెడ్డులో బిల్లు లేకుండా బిగించి పంపేవాళ్ల మీద మాత్రం అంత జోరు కనిపించదు.

కాబట్టి రీప్యాకింగ్, రబ్బర్లు, రెసొనేటర్ ఎంత బాగా చేయించినా, ఫ్రీ ఫ్లో రోడ్డు మీద చట్టబద్ధం అయిపోదు. గోల తగ్గుతుంది, అంతవరకే. పూర్తి పరిష్కారం కంపెనీ సైలెన్సరే. థార్, జిమ్నీలకు షోరూములో దొరుకుతుంది. జిప్సీకి తుక్కు కొట్లలో వెతకాలి, దొరికినా లోపలి గదుల రేకులు ఊడి గలగలమంటున్నాయేమో ఊపి చూసి కొనాలి.

ఆటోనగర్ మేస్త్రి షెడ్డు మూలన డజన్ల కొద్దీ కంపెనీ సైలెన్సర్లు దుమ్ము పట్టి ఉన్నాయి. కొత్తది బిగించుకున్న మోజులో వదిలేసి పోయినవే అన్నీ. కిలోల లెక్కన తుక్కుకు పోతాయి. మీకు మార్చుకునే బుద్ధి పుట్టినా సరే, విప్పిన దాన్ని అక్కడ వదలకండి. పాత గుడ్డ చుట్టి ఇంటి అటక మీద పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే స్టెప్నీ, జాకీలతోపాటు ‘‘కంపెనీ సైలెన్సర్ ఎక్కడ?’’ అని అడగండి. లేదంటే ఆ మేరకు ధర తగ్గించమనండి.